ఇనుప అతివాహకాల్లో ఎలక్ట్రాన్ల సహసంబంధం: బలమైనదా, బలహీనమైనదా?

గామా_విలువ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో సెమినార్ ఇవ్వాలి. అంశం ఇనుప ఆధారిత అతివాహకాలు, అంటే చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును మోసే ఇనుప సమ్మేళనాలు. మూడు వారాలుగా చదువుతున్నాను కానీ, ఎటు వెళ్ళినా ఒకే చోట ముడి పడుతోంది.

2009లో వచ్చిన ఒక ఎక్స్‌రే ప్రయోగపత్రం ఇనుప ఆర్సెనైడ్లలో (ఇనుము, ఆర్సెనిక్ ఉన్న సమ్మేళనాల్లో) ఎలక్ట్రాన్ల సహసంబంధం, అంటే ఒకదాని కదలిక మీద మిగతావాటి ప్రభావం, బలహీనమని తేల్చింది. ఇంకో అతివాహక కుటుంబమైన రాగి ఆక్సైడ్లలో ఉండే హబ్బర్డ్ పట్టీల (ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ వల్ల రెండుగా చీలిన శక్తి పట్టీల) జాడ వీటిలో లేదన్నది వాళ్ళ ఆధారం. 2013లో పొటాషియం ఐరన్ ఆర్సెనైడ్ మీద వచ్చిన విశిష్టోష్ణం ఫలితాలు దీనికి పూర్తిగా ఎదురు. ఎలక్ట్రాన్ల వాటా చెప్పే గామా విలువ అక్కడ మోల్‌కు, కెల్విన్ వర్గానికి సుమారు 100 మిల్లీజౌళ్ళు. రాగి లోహానికి అది 0.7. సహసంబంధాన్ని పెద్దగా పట్టించుకోని బ్యాండు లెక్కలు ఈ ఆర్సెనైడ్‌కు ఇచ్చేది పది, పన్నెండు దగ్గర. అంటే ఎలక్ట్రాన్లు ఎనిమిది, తొమ్మిది రెట్లు బరువెక్కినట్టు.

ఒకే కుటుంబం. ఒకరు బలహీనం అంటున్నారు, ఒకరు బలం అంటున్నారు. ఎవరో ఒకరు తప్పు కొలిచి ఉండాలి కదా? సెమినార్‌లో ఏ పక్షం నిలబెట్టాలి?


ద్రవహీలియం | సోమవారం, రాత్రి 10:05

ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. మీ ప్రశ్న చూసి నాకు చాలా సంతోషం కలిగింది. ఈ రంగంలో ఏళ్ళ తరబడి నలిగిన ప్రశ్న ఇదే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. టోక్యోలో హోసోనో బృందం వెతికింది అతివాహకాల కోసం కాదు, పారదర్శక అర్ధవాహకాల కోసం. 2006లో లాంథనం ఐరన్ ఫాస్ఫరస్ ఆక్సైడ్‌లో సుమారు 4 కెల్విన్ దగ్గర అతివాహకత కనిపిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2008లో ఫాస్ఫరస్ స్థానంలో ఆర్సెనిక్ పెట్టి, ఆక్సిజన్‌లో కొంత భాగాన్ని ఫ్లోరిన్‌తో మార్చారు. 26 కెల్విన్! ఒత్తిడి పెడితే 43. కొద్ది నెలల్లోనే చైనా బృందాలు లాంథనం స్థానంలో సమేరియం పెట్టి 55కి చేర్చాయి. ఇనుము అంటేనే అయస్కాంతం, అయస్కాంతం అతివాహకతకు శత్రువు అని మేము చదువుకున్న రోజులు అవి. ఆ వార్త వచ్చిన వారం మా ప్రయోగశాలలో రాత్రి ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

అందరూ వెంటనే రాగి ఆక్సైడ్లతో పోల్చారు. రాగి ఆక్సైడ్ మాతృ పదార్థం మాట్ బంధకం. బ్యాండు లెక్క లోహం అంటుంది, చేతిలోకి తీసుకుంటే విద్యుత్తు ప్రవహించదు. ఒకే స్థానంలో రెండు ఎలక్ట్రాన్లు కలిస్తే చెల్లించాల్సిన శక్తి, యూ, అంత పెద్దది. ఇనుప ఆర్సెనైడ్ల మాతృ పదార్థం అలా కాదు. నాసిరకం లోహమే కానీ లోహమే. మీ గందరగోళం అంతా ఇక్కడే మొదలవుతుంది. బంధకం కాకపోతే సహసంబంధం లేనట్టే అని చాలామంది అప్పట్లో అనుకున్నారు.


ఐదుకక్ష్యలు | సోమవారం, రాత్రి 11:31

ద్రవహీలియం గారు చెప్పిన దానికి సిద్ధాంతం వైపు నుంచి కలుపుతాను.

రాగి ఆక్సైడ్‌లో పని చేసేది ప్రధానంగా ఒక్క కక్ష్య. ఇనుములో ఐదు డీ కక్ష్యలు, వాటిలో ఆరు ఎలక్ట్రాన్లు. ఈ ఒక్క తేడా ఆటనంతా మార్చేస్తుంది. కక్ష్యలు చాలా ఉన్నప్పుడు యూతో పాటు ఇంకో సంఖ్య రంగంలోకి దిగుతుంది. అదే హుండ్ నియమం వెనక ఉన్న శక్తి, జే. ఒకే పరమాణువులోని ఎలక్ట్రాన్ల స్పిన్లన్నీ ఒకే దిక్కుకు తిరిగితే శక్తి తగ్గుతుంది. ఇంటర్‌లో రసాయనశాస్త్రం మాస్టారు బోర్డు మీద బాణాలు గీసి చెప్పింది ఇదే. ఇనుప అతివాహకాల్లో జే విలువ 0.3 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య అని అంచనా. యూతో పోలిస్తే చిన్నదే. కానీ పెత్తనం దానిదే.

కోలాటం చూసే ఉంటారు. ఒక్కో ఇనుము పరమాణువును ఒక్కో కోలాటం గుంపు అనుకోండి. గుంపు లోపల అందరూ ఒకే కోపు వేస్తున్నారు, కోలలు ఒక్కసారే పడుతున్నాయి. పక్క గుంపు వేరే కోపులో ఉంది. ఈ గుంపులోంచి ఒకరు ఆ గుంపులోకి దూరాలంటే చోటు ఉంది, ఎవరూ ఆపరు. కానీ దరువు కలవదు. కలిసేదాకా ఆగాలి, లేదా అక్కడి వరస చెడాలి. అందుకే కదలిక నెమ్మదిస్తుంది. ఎలక్ట్రాన్ బరువెక్కింది అని మనం అనేది ఈ నెమ్మదినే.

చోటు లేక ఆగడం యూ పని. దరువు కలవక ఆగడం జే పని. 2009లో హౌలే, కోట్లియార్ ఇద్దరూ ఈ పదార్థాల్లో జే ప్రాధాన్యాన్ని లెక్క కట్టి చూపించారు. ఇలాంటి లోహాలకు తర్వాత హుండ్ లోహాలు అనే పేరు స్థిరపడింది.

ఇప్పుడు మీ రెండు పత్రాలు మళ్ళీ తీయండి. ఎక్స్‌రే చూసేది ఛార్జి కదలికను. అది దాదాపు స్వేచ్ఛగానే ఉంది, కాబట్టి విడివడిన హబ్బర్డ్ పట్టీలు లేవు. తక్కువ ఉష్ణోగ్రతలో విశిష్టోష్ణం చూసేది స్పిన్ల ఒరిపిడితో బరువెక్కిన ఎలక్ట్రాన్లను. రెండూ ఒకే పదార్థం గురించి చెప్పిన నిజాలే.


నెస్టింగ్_పక్షం | మంగళవారం, ఉదయం 6:48

కోలాటం ఉపమానం బాగుంది. కానీ విద్యార్థికి ఒకవైపు మాటే చెప్పి పంపకండి.

2008లోనే మాజిన్, సింగ్ తదితరులు సాధారణ బ్యాండు లెక్కలతోనే చాలా దూరం వెళ్ళారు. బ్రిలువా మండలం (స్ఫటికంలో ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాల పటం) మధ్యలో రంధ్రాల కుంపెలు, మూలల్లో ఎలక్ట్రాన్ల కుంపెలు. కుంపె అంటే విద్యుత్తును మోసేవి ఉండే చిన్న ప్రాంతం, రంధ్రం అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీ. ఒకదాన్ని జరిపి ఇంకోదాని మీద పెడితే దాదాపు సరిపోతాయి. ఆ జరిపిన దూరానికి తగిన గీతల అయస్కాంత అమరికే న్యూట్రాన్లకు కనిపించింది. అతివాహకత గ్యాపు ఒక కుంపె మీద ధనాత్మకంగా, ఇంకో కుంపె మీద ఋణాత్మకంగా ఉంటుందని కూడా ఆ లెక్కే ఊహించింది. ఈ గుర్తు మార్పుకు సాక్ష్యంగా, కొద్ది నెలల్లో పొటాషియం కలిపిన బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర న్యూట్రాన్ అనునాదం దొరికింది. ఫోనాన్ల (స్ఫటిక కంపనాల) వల్ల ఈ అతివాహకత సాధ్యం కాదని కూడా బ్యాండు లెక్కే తేల్చింది. వాటి జంటకట్టు బలం 0.2 దగ్గర, దాంతో 1 కెల్విన్ కూడా దాటదు.

ఇంకో మాట. లాంథనం పదార్థంలో మొదట కొలిచిన అయస్కాంత భ్రామకం ఇనుముకు 0.36 బోర్ మాగ్నెటాన్లే. హుండ్ నియమం ప్రకారం విడి ఇనుము అయాన్‌కు 4 ఉండాలి. పదో వంతుకు పడిపోయిన భ్రామకాన్ని చూపించి హుండ్ బలం అంటే ఎలా ఒప్పుకోవాలి?


ద్రవహీలియం | మంగళవారం, ఉదయం 8:20

ఆ 0.36ను తర్వాత ఇంకో న్యూట్రాన్ బృందం 0.63కు సవరించింది. బేరియం పదార్థంలో 0.87 దగ్గర. అయినా మీ ప్రశ్న నిలబడే ఉంటుంది, ఒప్పుకుంటాను.

దానికి జవాబు కొలిచే వేగంలో ఉంది. న్యూట్రాన్ వివర్తనం నిలకడగా ఉన్న అమరికను చూస్తుంది, సగటు తీస్తుంది. భ్రామకం పెద్దదే అయినా క్షణక్షణం దిక్కు మార్చుకుంటూ ఉంటే సగటు చిన్నదవుతుంది. ఎక్స్‌రే ఉద్గారం అలా కాదు, ఫెమ్టోసెకన్ల లోపలే బొమ్మ తీసేస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే అమరిక లేని వేడి దశలో కూడా, అతివాహకత ఉన్న నమూనాల్లో కూడా ఇనుము మీద పెద్ద భ్రామకం ఉంది. తిరుగుతున్న ఫ్యాను రెక్కలు కంటికి కనిపించవు, అంతమాత్రాన రెక్కలు లేనట్టు కాదు.

మీరు నమ్మే బ్యాండు లెక్కనే అడుగుదాం. అయస్కాంత దశలో అది ఇచ్చే భ్రామకం దాదాపు 2. కొలిచినదానికి రెండు, మూడు రెట్లు. మాట్ బంధకాల్లో బ్యాండు లెక్క భ్రామకాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, ఇక్కడ ఎక్కువ చేసి చూపిస్తోంది. ఆ లెక్క వదిలేసినది ఈ వేగమైన ఊగిసలాటనే. నాకు హుండ్ లోహం అన్న మాట మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.


గామా_విలువ | మంగళవారం, మధ్యాహ్నం 1:37

చాలా చాలా కృతజ్ఞతలు. రాత్రి ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి.

ఒకటి: ఇనుముకు ఆరు ఎలక్ట్రాన్ల బేరియం పదార్థం కంటే, ఐదున్నర ఎలక్ట్రాన్ల పొటాషియం పదార్థంలో బరువు ఎందుకంత ఎక్కువ? అర ఎలక్ట్రాన్ తేడాకే ఇంత మార్పా?

రెండు: ఐదు కక్ష్యలూ సమానంగా బరువెక్కుతాయా?


ఐదుకక్ష్యలు | మంగళవారం, రాత్రి 9:58

మొదటి సందేహంలోనే అసలు రహస్యం ఉంది. ఓపికగా చదవండి.

ఐదు కక్ష్యల్లో ఐదు ఎలక్ట్రాన్లు, అంటే సరిగ్గా సగం నిండితే, హుండ్ నియమం పూర్తిగా రాజ్యమేలుతుంది. అందరూ ఒకే దిక్కు. అక్కడ ఒక ఎలక్ట్రాన్‌ను పక్కకు పంపడానికి అయ్యే ఖర్చు యూ మాత్రమే కాదు, దానికి నాలుగు జేలు కలుస్తాయి. సగం నుంచి ఒక్క ఎలక్ట్రాన్ అటూ ఇటూ అయితే ఖర్చు యూ నుంచి మూడు జేలు తగ్గుతుంది. యూ 3, జే 0.4 అనుకుని వేసి చూడండి. ఐదుకు 4.6 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆరుకు 1.8. బ్యాండు వెడల్పు 4 దగ్గర. మొదటిది బంధకం అయ్యే దారి, రెండోది లోహం.

ఒకే జే ఒకచోట బంధకత్వాన్ని పెంచుతుంది, ఇంకోచోట ఆపుతుంది. ఆపినచోట కూడా ఊరికే ఉండదు, ఎలక్ట్రాన్లు పొందికగా కదలడం మొదలయ్యే ఉష్ణోగ్రతను కిందికి లాగేస్తుంది. బంధకం కానివ్వదు, మంచి లోహం కూడా కానివ్వదు. ఆరు ఎలక్ట్రాన్ల ఇనుము ఈ మధ్య వాకిట్లో నిలబడి ఉంది.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. అదే స్ఫటిక నిర్మాణంలో ఇనుము తీసి మాంగనీస్ పెట్టండి, ఐదు ఎలక్ట్రాన్లు. బేరియం మాంగనీస్ ఆర్సెనైడ్ బంధకం, దాని యాంటీఫెర్రో (పక్కపక్క స్పిన్లు ఎదురెదురుగా ఉండే) అమరిక 625 కెల్విన్ దాకా చెక్కుచెదరదు. కోబాల్ట్ పెట్టండి, ఏడు ఎలక్ట్రాన్లు. బరువు పెద్దగా పెరగని మామూలు లోహం. ఈ రెండింటి మధ్యలో ఇనుము. పొటాషియం పదార్థం ఐదున్నరతో మాంగనీస్ వైపు జరిగింది. అందుకే బరువెక్కింది. ఈ గీతను 2014లో డి మెడిచి, జియోవనెట్టి, కపోనె చాలా స్పష్టంగా గీశారు. ఇనుప అతివాహకాలన్నీ, ఐదు ఎలక్ట్రాన్ల మాట్ బంధకం నీడలో ఉన్నాయన్నది వాళ్ళ వాదన సారం.

రెండో సందేహానికి జవాబు: సమానంగా కాదు. అన్నిటికంటే బరువెక్కేది ఇనుము పలకలో పరుచుకుని ఉండే డీ ఎక్స్‌వై కక్ష్య. అది సగం నిండిన స్థితికి దగ్గరగా ఉంటుంది, అందులోంచి ఎలక్ట్రాన్ పక్క పరమాణువుకు దూకే బలం కూడా తక్కువ. ఒకే పరమాణువులో ఒక కక్ష్య దాదాపు స్తంభించి ఉంటే, మిగతావి విద్యుత్తును మోస్తూనే ఉంటాయి. పొటాషియం కలిసిన ఐరన్ సెలెనైడ్‌లో ఇది కంటికి కనిపించింది. ఉష్ణోగ్రత 150 కెల్విన్ దాటేసరికి ఫోటో ఎమిషన్ (కాంతితో ఎలక్ట్రాన్లను బయటకు లాగి కొలిచే పద్ధతి) చిత్రంలో డీ ఎక్స్‌వై పట్టీ వెలిసిపోయింది. మిగతా పట్టీలు అలాగే ఉన్నాయి. ఆ చిత్రం సెమినార్‌లో తప్పకుండా పెట్టండి.


తెనాలి_లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 10:40

పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుణ్ణి. సగం అర్థమైంది, ఆ సగానికే మనసు నిండిపోయింది. ఒక్క మాట అడగవచ్చా? ఐదు, ఆరు, ఏడు అని చెప్పారు కదా. ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చకుండా ఈ బరువును పెంచడం, తగ్గించడం కుదురుతుందా?


ద్రవహీలియం | బుధవారం, ఉదయం 7:15

మాస్టారూ, చాలా మంచి ప్రశ్న. కుదురుతుంది. ఇనుముకు, దాని పైనా కిందా ఉండే పరమాణువుకు మధ్య దూరం మార్చాలి. ఫాస్ఫరస్ చిన్నది, ఇనుముకు దగ్గరగా కూర్చుంటుంది, ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి, సహసంబంధం తక్కువ. ఆర్సెనిక్ మధ్యలో ఉంటుంది. సెలీనియం, టెల్లూరియం వైపు వెళ్తే అంతకంతకు ఎక్కువ. ఐరన్ టెల్లూరైడ్‌లో నిలకడ భ్రామకమే 2 దాకా ఉంటుంది. ఎలక్ట్రాన్ల సంఖ్య మాత్రం ఎక్కడా మారలేదు.

పొటాషియం స్థానంలో రుబీడియం, సీసియం పెట్టినా ఇంతే. అయాన్ పెద్దదయ్యేకొద్దీ జాలకం సాగుతుంది. గామా 100 నుంచి 125 పైకి, సీసియంతో 180 దాకా పెరుగుతుంది.

స్ఫటికాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బేరియం స్ఫటికం పెంచడానికి బేరియం ముక్క ఒక వంతు, ఐరన్ ఆర్సెనైడ్ పొడి నాలుగు వంతులు అల్యూమినా మూసలో వేసి, క్వార్ట్జ్ గొట్టంలో గాలి తీసి మూసేస్తాం. 1180 డిగ్రీల దాకా తీసుకెళ్ళి గంటకు కొద్ది డిగ్రీల చొప్పున దించుతాం. విడి ఆర్సెనిక్ 614 డిగ్రీల దగ్గరే కరగకుండా ఆవిరైపోతుంది. గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సంస్థలో తొందరపడి వేడి పెంచారు, గొట్టం పగిలింది. కొలిమి గాలి గుంజే అరలో ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఆ 600 డిగ్రీల ముందు నేను ఒక రాత్రంతా ఆగుతాను.

సరిగ్గా కుదిరితే మూస పగలగొట్టినప్పుడు లోపల పలకలు దొరుకుతాయి. అభ్రకం లాగా పొరలు పొరలుగా, అద్దంలా మెరుస్తూ. టేపు అంటించి లాగితే కొత్త ముఖం బయటపడుతుంది. దాని మీద సూక్ష్మదర్శిని కింద వెంట్రుక కంటే సన్నని బంగారు తీగలు నాలుగు, వెండి ముద్దతో అతికిస్తాం. చల్లబరుస్తూ నిరోధం గీస్తే 140 కెల్విన్ దగ్గర గీత ఒక్కసారిగా మడత పడుతుంది. అయస్కాంత అమరిక వచ్చి చేరిన క్షణం అది. బేరియంలో కొంత తీసి పొటాషియం కలిపిన పలక పెడితే ఆ మడత మాయమవుతుంది. గీత వేడి వైపు బోర్లించిన పళ్ళెంలా వంగి, 38 కెల్విన్ దగ్గర సున్నాకు పడిపోతుంది. ఆ పళ్ళెం వంపు పొందిక లేని ఎలక్ట్రాన్లు మెల్లగా పొందిక తెచ్చుకుంటున్న గుర్తు. పుస్తకంలో సహసంబంధం అని చదివినప్పుడల్లా నాకు ఆ వంపే కళ్ళ ముందు కదులుతుంది.


నెస్టింగ్_పక్షం | బుధవారం, మధ్యాహ్నం 12:26

వేగం మీద, ఫెమ్టోసెకన్ల కొలత మీద మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మాంగనీస్, ఇనుము, కోబాల్ట్ వరస కూడా కాదనలేనిది. కుంపెలు ఒకదాని మీద ఒకటి సరిపోవడమే సర్వస్వం అని నేను ఇక అనను. లిథియం ఐరన్ ఆర్సెనైడ్‌లో కుంపెలు సరిపోవు, అయస్కాంత అమరికా లేదు, అయినా 18 కెల్విన్‌కు అతివాహకం. పొటాషియం కలిసిన సెలెనైడ్‌లో మధ్య కుంపెలే లేవు, అయినా 30 దాటింది. నా పక్షానికి ఇవి గట్టి దెబ్బలే.

కానీ ఒకచోట మిమ్మల్ని ఆపుతాను. సహసంబంధం పెరిగితే అతివాహకత పెరుగుతుందన్న ధ్వని ఈ చర్చలో వినిపిస్తోంది. ద్రవహీలియం గారు ఇచ్చిన వరసనే చూడండి. పొటాషియం, రుబీడియం, సీసియం. గామా 100 నుంచి 180కి పెరిగింది. అతివాహక ఉష్ణోగ్రత? పొటాషియానికి 3.5 కెల్విన్ దగ్గర, సీసియానికి 2 దగ్గర. పెరగలేదు, తగ్గింది. 38 కెల్విన్ వచ్చింది పొటాషియం 40 శాతం కలిపిన చోట, మధ్యస్థపు సహసంబంధంలో. విద్యార్థి సెమినార్‌లో ఈ పొరపాటు మాట రాకూడదు.


ఐదుకక్ష్యలు | బుధవారం, రాత్రి 8:44

ఆ ధ్వని నా రాతలో ఉంటే సరిచేసుకుంటాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం.

నా ఉద్దేశం ఇది. సహసంబంధం జంటకట్టుకు ముడిసరుకు ఇస్తుంది, అంటే పెద్ద, వేగమైన స్పిన్ ఊగిసలాట. అదే సహసంబంధం మరీ ఎక్కువైతే జంట కట్టాల్సిన ఎలక్ట్రాన్లనే పొందిక లేకుండా చేస్తుంది. రెండూ సమపాళ్ళలో ఉన్నచోట ఉష్ణోగ్రత ఎక్కువ. ఆర్సెనిక్ కోణం ఆదర్శ చతుర్ముఖి కోణానికి, 109.5 డిగ్రీలకు దగ్గరగా ఉన్న పదార్థాల్లోనే అత్యధిక విలువలు కనిపించడం కూడా దీంతో ముడిపడి ఉందని నేను నమ్ముతాను. ఇది నా నమ్మకం, నిరూపణ కాదు.


న్యూజెర్సీ_రాత్రిబడి | గురువారం, ఉదయం 5:02

ఇక్కడ సాయంత్రం, మీకు తెల్లవారుజాము. నేను డైనమికల్ మీన్ ఫీల్డ్ పద్ధతితో ఈ పదార్థాలను లెక్క కట్టే పనిలో ఉన్నాను. లెక్కల వైపు నుంచి రెండు జాగ్రత్తలు చెబుతాను.

ఈ పద్ధతిలో ఒక్క ఇనుము పరమాణువును మిగతా స్ఫటికమంతా కలిసిన తొట్టిలో ముంచి, దాని ఐదు కక్ష్యల మధ్య జరిగే ప్రతి మార్పిడినీ కాలంతో సహా లెక్క వేస్తాం. యూ, జే ఎంత పెట్టాలన్నది మనం చేత్తో ఇచ్చేది. ఏ కక్ష్యలను లెక్కలోకి తీసుకున్నామన్న దాన్ని బట్టి యూ 2 నుంచి 5 దాకా మారిపోతుంది. కాబట్టి రెండు పత్రాల్లోని యూ విలువలను పక్కపక్కన పెట్టి ఎవరిది బలం అని పోల్చకండి. చాలామంది విద్యార్థులు ఇక్కడే జారుతారు. జే అంతగా మారదు. నేను స్వయంగా వేసి చూశాను. యూ కొంచెం కదిపితే బరువు కొంచెమే మారుతుంది. జేను 0.4 నుంచి సున్నాకు దించితే బరువెక్కడం దాదాపు మాయమైపోతుంది, పట్టీలు మామూలు బ్యాండు లెక్క లాగే కనిపిస్తాయి. కంప్యూటర్ తెర మీద ఆ రెండు చిత్రాలు పక్కపక్కన చూసిన రోజు నేను మర్చిపోలేను.

రెండో జాగ్రత్త: హబ్బర్డ్ పట్టీలు ఈ కుటుంబం మొత్తంలో లేవని రాయకండి. ఆర్సెనైడ్లకు ఆ మాట చాలావరకు సరే. ఐరన్ సెలెనైడ్‌లో 2017 ప్రాంతంలో ఫోటో ఎమిషన్ చేసినవాళ్ళు ఫెర్మీ మట్టానికి (ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు శక్తికి) బాగా కింద అలాంటి పట్టీ పోలికలను చూశారు. ఇనుముకు, పొరుగు పరమాణువుకు దూరం పెరిగేకొద్దీ ఛార్జి కదలిక కూడా బిగుసుకుంటోందన్న మాట.


గామా_విలువ | గురువారం, రాత్రి 9:30

ఐరన్ సెలెనైడ్ అనగానే నాకు మళ్ళీ ముడి పడింది. దాని గామా 6 లోపే అని చదివాను. సహసంబంధం ఆర్సెనైడ్ల కంటే ఎక్కువ అంటున్నారు, గామా చూస్తే పొటాషియం పదార్థంలో పదిహేనో వంతు కంటే కూడా తక్కువ. రెండూ ఎలా పొసగుతాయి?


ద్రవహీలియం | గురువారం, రాత్రి 10:12

రెండు సంగతులు.

ముందు కొలత ప్రమాణం చూడండి. పొటాషియం పదార్థం ఫార్ములాలో రెండు ఇనుములు, సెలెనైడ్‌లో ఒక్కటే. మోల్‌కు చెప్పిన 100ను ఇనుముకు లెక్కిస్తే 50. మీరు పోల్చినది రెండింటిని ఒకటితో.

రెండోది లోతైనది. గామా నేరుగా బరువు కాదు. ఇలాంటి పలకల పదార్థాల్లో ప్రతి ఫెర్మీ కుంపె తన బరువును బట్టి గామాకు వాటా ఇస్తుంది, కుంపె ఎంత పెద్దదన్నది పెద్దగా పట్టదు. పొటాషియం పదార్థంలో బరువైన కుంపెలు చాలా ఉన్నాయి, అన్నీ కలుస్తాయి. సెలెనైడ్ 90 కెల్విన్ దగ్గర అయస్కాంత అమరిక లేకుండానే చతురస్ర సౌష్ఠవం కోల్పోతుంది. ఆ తర్వాత మిగిలేవి చాలా కొద్ది కుంపెలు, అవీ చిన్నవి. డీ ఎక్స్‌వై లాంటి బరువైన కక్ష్యల వాటా అక్కడ బాగా తగ్గిపోతుంది. పొందిక కోల్పోయిన ఎలక్ట్రాన్లు గామాలో కనిపించనే కనిపించవు. 2017లో డేవిస్ బృందం సూక్ష్మ సొరంగ ప్రయోగంతో చూపింది కూడా ఇదే. సెలెనైడ్‌లో జంటలు కట్టేది ప్రధానంగా ఒక్క కక్ష్య ఎలక్ట్రాన్లు.

ఇంకొకటి, సెలెనైడ్ కుటుంబం మీద పనిచేసేవాళ్ళకు ముఖ్యం. నమూనాలో అదనంగా మిగిలిన ఇనుము పలకల మధ్య చేరుతుంది, దానికి సొంత భ్రామకం ఉంటుంది, మొత్తం ఫలితాన్ని పాడు చేస్తుంది. జపాన్‌లోని సుకుబాలో ఒక బృందం సల్ఫర్ కలిపిన ఐరన్ టెల్లూరైడ్‌ను వేడి చేసిన మద్యంలో 70 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచి అతివాహకంగా మార్చింది. ఎర్ర ద్రాక్షసారా అన్నిటికంటే బాగా పనిచేసింది. కారణం మద్యం కాదు, అందులోని సేంద్రియ ఆమ్లాలు ఆ అదనపు ఇనుమును కడిగి తీసేయడం. సహసంబంధం గురించి ఏ తీర్పు ఇచ్చే ముందైనా నమూనాలో అదనపు ఇనుము ఎంతో అడగండి.


నెస్టింగ్_పక్షం | శుక్రవారం, ఉదయం 6:35

అదే కోవలో ఇంకొకటి చేర్చండి. మొదటి రోజుల్లో తగరం ద్రావణిగా పెంచిన బేరియం స్ఫటికాల్లో మడత 140 దగ్గర కాక 85 కెల్విన్ దగ్గర పడింది. తగరం కొంచెం స్ఫటికంలోకి దూరడమే కారణం. పాత పత్రాల నుంచి సంఖ్యలు తీసుకునేటప్పుడు ఏ ద్రావణిలో పెంచారో చూసుకోండి.


గామా_విలువ | ఆదివారం, రాత్రి 8:50

అందరికీ కృతజ్ఞతలు. సెమినార్ శీర్షికలోంచి బలమా, బలహీనమా అన్న మాటలు తీసేశాను. ఒకే పటం మీద మొత్తం చెప్పాలనుకుంటున్నాను. అడ్డంగా ఇనుముకు ఎలక్ట్రాన్ల సంఖ్య, ఐదు నుంచి ఏడు దాకా. నిలువుగా బరువు పెరుగుదల. ఎడమ చివర మాంగనీస్ పదార్థం, కుడి చివర కోబాల్ట్ పదార్థం, ఐదున్నర దగ్గర పొటాషియం, రుబీడియం, సీసియం ఒకదాని పైన ఒకటి, ఆరు దగ్గర బేరియం, దాని మీదనే ఫాస్ఫైడ్ నుంచి టెల్లూరైడ్ దాకా నిలువు వరస. అతివాహక ఉష్ణోగ్రతను ఒక్కో చుక్క పరిమాణంగా గీశాను. పెద్ద చుక్కలు మధ్యలోనే వచ్చాయి.

పటం గీస్తుంటే ద్రవహీలియం గారు చెప్పిన తప్పు ఇంకో చోట కూడా దొరికింది. బ్యాండు లెక్క విలువలు కొన్ని ఇనుముకు, కొన్ని ఫార్ములాకు తీసుకున్నాను. సరిచేస్తే రెండు చుక్కలు సగానికి దిగాయి.


ఐదుకక్ష్యలు | ఆదివారం, రాత్రి 9:21

చాలా బాగుంది. మాంగనీస్ చుక్కకు బరువు రాయకండి, బంధకానికి ఆ సంఖ్య ఉండదు. అక్కడ గీత పైకి వెళ్ళిపోతున్నట్టు బాణం గుర్తు పెట్టండి చాలు.


తెనాలి_లెక్కలమాస్టారు | ఆదివారం, రాత్రి 9:55

పటం ఇక్కడ కూడా పెట్టు నాయనా. అడ్డం గీత మీద ఐదున్నర ఎక్కడుందో నేను చూడాలి.